ఇంకో యాభై అడుగులు...

ఎంబీఏ ప్రవేశ పరీక్షలో లెక్కలు రాక నష్టపోయేవాళ్లు కొందరైతే, ఒకే లెక్క దగ్గర ఆగిపోయి నష్టపోయేవాళ్లు ఇంకొందరు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వదలాలో నేర్చుకుంటే సగం పరీక్ష గెలిచినట్లే!

రాత్రి పదకొండు దాటింది. కల్యాణదుర్గం దాటాక ఒక చేలో రిగ్గు బండి హోరుమంటోంది. తెల్లటి రాతిపిండి గాల్లోకి లేచి చుట్టూ ఉన్నవాళ్ల జుట్టు మీద పడుతోంది. మూడొందల అడుగులు... దుమ్మే. నాలుగొందలు... దుమ్మే. బండివాడు రైతు ముఖం చూశాడు. రైతు బోరు గుంత వైపు చూశాడు. పక్కన టార్చిలైటు పట్టుకుని కూతురు నిలబడి ఉంది. బీకాం చివరి ఏడాది.

'ఇంగో యాభై అడుగులు పోనీబ్బా... పడతాయేమో!'

ఆ యాభై అయ్యింది. ఇంకో యాభై అన్నాడు. అదీ అయ్యింది. తెల్లవారేసరికి ఆరొందల అడుగులు దాటింది. నీళ్లు పడలేదు. ఒక లక్ష అప్పు మాత్రం పడింది... నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి.

అనంతపురం జిల్లాలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. పడమటి కనుమలు దాటి వచ్చే నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి. బంగాళాఖాతం మేఘాలకూ ఇది దూరమే. ఏడాది మొత్తం కలిపి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అందుకే వేరుశనగ చేలూ చీనీ తోటలూ ఉన్న ప్రతి ఊళ్లో ఎండిపోయిన బోర్ల లెక్క కూడా ఉంటుంది.

మూడు నెలల తర్వాత అదే అమ్మాయి అనంతపురంలో ఒక కంప్యూటర్ ముందు కూర్చుంది. ఐసెట్‌కు మొదటి మాక్ టెస్టు. పన్నెండో ప్రశ్న కాలం-పని లెక్క. ఒక నిమిషం గడిచింది. దగ్గరికి వచ్చినట్లే ఉంది, జవాబు మాత్రం ఆప్షన్లలో లేదు. మళ్లీ మొదలుపెట్టింది. మూడు నిమిషాలు. 'ఇంత చేశాక వదిలేస్తే ఎలా? ఇంకో నిమిషం...' అనుకుంది. టెస్టు ముగిసేసరికి చివరి నలభై ఆరు ప్రశ్నలు ఆమె కంటితో కూడా చూడలేదు.

ఇంటికొచ్చి బస్సు దిగుతుంటే ఆ గుంత కనిపించింది. అప్పుడు వెలిగింది ఆ అమ్మాయికి... నాయన చేలో చేసిందే తను పరీక్షలో చేసిందని!

పరీక్ష కొలతలు

ఏ చేనైనా ముందు కొలుచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంబీఏ, ఎంసీఏ కోర్సుల్లో చేరడానికి రాసే పరీక్ష ఐసెట్. ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తుంది. 2023, 2024 సంవత్సరాల్లో ఆ బాధ్యత అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానిదే. 1981లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం పేరు కరవు సీమలో ఎన్నో ఇళ్లలో మొదటి డిగ్రీ పట్టా మీద కనిపిస్తుంది.

మొత్తం 200 ప్రశ్నలు. 150 నిమిషాలు. విశ్లేషణ సామర్థ్యం, గణితం, ఇంగ్లిషు భాష అని మూడు విభాగాలు. మొదటి రెండు విభాగాలూ ఇంగ్లిషుతో పాటు తెలుగులోనూ ఉంటాయి. కాబట్టి తెలుగు మీడియంలో చదివినవాళ్లు 'మనకు రాదు' అని ముందే బెదిరిపోనక్కర్లేదు. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు. అర్హతకు 200లో 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. అయితే అర్హత వేరు, కోరిన కళాశాలలో కన్వీనర్ సీటు వేరు. ఆ సీటు దొరికేది ర్యాంకును బట్టే. నిబంధనలు ఏ ఏటికి ఆ ఏడు నోటిఫికేషన్‌లో సరిచూసుకోవడం మాత్రం మరవకూడదు.

ఇప్పుడు చిన్న భాగహారం. 150 నిమిషాలంటే 9,000 సెకన్లు. 200తో భాగిస్తే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. అంటే ఒక్క లెక్క మీద నాలుగు నిమిషాలు పెట్టినవాళ్లు ఐదు ప్రశ్నల సమయాన్ని అందులో పోసేశారన్నమాట. వచ్చేది మాత్రం ఒక్క మార్కే... అదీ వస్తే!

పదును చూసి విత్తనం

మెట్ట రైతు వాన పడగానే చేనంతా ఒకేసారి దున్నడు. పదునున్న చోట ముందు విత్తుతాడు. ఆరని చోటు ఒక పూట ఆగుతుంది. రాళ్ల దిబ్బను వదిలేస్తాడు. పరీక్షకూ ఇదే పద్ధతి. దీన్ని మూడు విడతలుగా చేసుకోవచ్చు.

మొదటి విడత: ప్రశ్న చదవగానే దారి తెలిసినవి మాత్రమే చేయాలి. పది, పదిహేను సెకన్లలో దారి కనిపించకపోతే గుర్తు పెట్టుకుని ముందుకెళ్లాలి.

రెండో విడత: దారి తెలుసుగానీ పని ఎక్కువ ఉన్నవి. వీటికి ఒకటిన్నర నిమిషం హద్దు. గడువు దాటితే... ఎంత దగ్గరికి వచ్చామనిపించినా సరే, వదలాల్సిందే.

మూడో విడత: మిగిలిన వాటిలో కుదరని ఆప్షన్లు కొట్టేసి, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవడం.

సమయాన్ని ఇంగ్లిషుకు 25 నిమిషాలు, గణితానికి 60, విశ్లేషణకు 55, చివరి విడతకు 10 నిమిషాలుగా పంచుకుంటే మొత్తం 150. ఎవరి బలాన్ని బట్టి వారు కాస్త అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఆ పంపకం పరీక్ష హాల్లో కూర్చున్నాక కాదు, కనీసం నెల ముందు ఖరారు కావాలి.

ఇంట్లో ఉన్న లెక్కలే!

అంకగణితం అంటే భయపడేవాళ్ల ఇంట్లోనే రోజూ అంకగణితం నడుస్తుంటుంది. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే 'పావలా వడ్డీ' అనే మాట వినే ఉంటారు. నూరు రూపాయలకు నెలకు పావలా. ఏడాదికి మూడు రూపాయలు. అంటే 3 శాతం. మరి నాయన బోరుకు తెచ్చిన 'రెండు రూపాయల వడ్డీ'? నెలకు 2, ఏడాదికి 24 శాతం! బారువడ్డీ మీదే అయినా 50 నెలల్లో, అంటే నాలుగేళ్ల రెండు నెలల్లో అసలుకు సమానమైన వడ్డీ పేరుకుంటుంది. 'ఎన్నేళ్లలో రెట్టింపవుతుంది?' అని పరీక్షలో అడిగేది ఇదే. సూత్రం రాసుకుని కూర్చోనక్కర్లేదు. వందను రెండుతో భాగిస్తే నెలలు వస్తాయి.

శాతాల దగ్గర ఎక్కువమంది జారే చోటు ఒకటుంది. 'నిరుడు వాన సగానికి సగం తగ్గింది, ఈ ఏడు దాని మీద యాభై శాతం పెరిగింది' అంటే మామూలుకు వచ్చినట్లేనా? కాదు. 550 మిల్లీమీటర్లు సగమైతే 275. దాని మీద యాభై శాతం అంటే 137.5 మాత్రమే. మొత్తం 412.5. ఇంకా నాలుగో వంతు లోటే! తగ్గినప్పటి శాతం పెద్ద సంఖ్య మీద, పెరిగినప్పటి శాతం చిన్న సంఖ్య మీద. ఈ తేడా పట్టుకున్నవాళ్లకు లాభనష్టాల లెక్కలు సగం వచ్చేసినట్లే. అసలు సంఖ్య ఇవ్వనప్పుడు 100 అనుకుంటే పని తేలిక. వేరుశనగ ధర 25 శాతం పెరిగి, తర్వాత 20 శాతం తగ్గిందనుకోండి. 100 కాస్తా 125 అయ్యింది. అందులో ఐదో వంతు, అంటే 25 పోతే మళ్లీ 100. లాభం లేదు, నష్టం లేదు.

వేగం లెక్కల్లోనూ ఇంతే. అనంతపురం నుంచి ఊరికి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, 40 కిలోమీటర్ల వేగంతో తిరిగొస్తే సగటు వేగం ఎంత? నోటికొచ్చే జవాబు 50. ఆప్షన్లలో కూడా 50 తప్పకుండా ఉంటుంది... వల అక్కడే! దూరం 120 కిలోమీటర్లు అనుకోండి. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి మూడు. 240 కిలోమీటర్లకు ఐదు గంటలు. సగటు 48. నిదానంగా నడిచిన సమయం ఎక్కువ కాబట్టి సగటు అటువైపే మొగ్గుతుంది.

ఇక ఆ అమ్మాయిని ముంచిన కాలం-పని లెక్క. ఒక మోటారు తొట్టిని 6 గంటల్లో నింపుతుంది. రెండోది 12 గంటల్లో. తొట్టి అడుగున ఉన్న కంత నిండు తొట్టిని 12 గంటల్లో ఖాళీ చేస్తుంది. మూడూ ఒకేసారి మొదలైతే తొట్టి ఎప్పుడు నిండుతుంది? భిన్నాలు కూడుతూ కూర్చుంటే నిమిషాలు గడుస్తాయి. 6, 12ల క.సా.గు. 12. తొట్టిలో 12 బిందెలు పడతాయనుకుంటే మొదటి మోటారు గంటకు రెండు, రెండోది ఒకటి పోస్తుంది, కంత ఒకటి తోడేస్తుంది. గంటకు మిగిలేది రెండు బిందెలు. ఆరు గంటల్లో నిండుతుంది. అసలు పెన్ను కూడా అక్కర్లేదు. రెండో మోటారు పోసిందంతా కంతలోంచే పోయింది. ఇక మిగిలింది మొదటి మోటారే కదా!

జవాబు ఎదురుగానే ఉంది

బడిలో లెక్కకు మార్కులు వేసేది మెట్లను చూసి. ఇక్కడ మెట్లు ఎవరూ చూడరు. నాలుగు జవాబుల్లో ఒకటి సరైనదని పేపరు తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. ఆ సాయం వాడుకోవడం తప్పు కాదు, తెలివి.

ఒక సంఖ్యను 7తో భాగిస్తే 3, 5తో భాగిస్తే 4 మిగులుతాయి. అదేది? 38, 45, 59, 66. సమీకరణాలు రాయొద్దు. 5తో భాగిస్తే 4 మిగలాలంటే చివరి అంకె 4 గానీ 9 గానీ కావాలి. అలాంటిది 59 ఒక్కటే. ఏడుతో సరిచూసుకుంటే 56 పోగా 3. సరిపోయింది. నాలుగు సంఖ్యలనూ 7తో భాగించి చూసినవాళ్లకు మాత్రం అన్నింటికీ 3 మిగిలి తల తిరుగుతుంది. ఏ షరతు ఎక్కువ ఆప్షన్లను కొట్టేస్తుందో దాన్నే ముందు పట్టుకోవాలి.

లెక్క కట్టకుండా అంచనాతో తేలేవీ చాలానే ఉంటాయి. 4,980లో 19.8 శాతం ఎంత? ఐదువేలలో ఐదో వంతు వెయ్యి. జవాబు దానికి కాస్త తక్కువ. ఆప్షన్లలో 786, 986, 1186 ఉంటే ఇంకేం ఆలోచించాలి?

జవాబు కాదు... సరిపోతుందా అన్నదే ప్రశ్న

విశ్లేషణ విభాగంలో 'డేటా సఫిషియెన్సీ' అనే రకం ఉంది. లెక్కల్లో దిట్టలు కూడా తడబడేది ఇక్కడే. కారణం... వాళ్లు జవాబు కట్టేస్తారు. ఇక్కడ అడిగేది జవాబు కాదు. ఇచ్చిన సమాచారం జవాబు కట్టడానికి చాలుతుందా, చాలదా అని మాత్రమే.

మందలో మొత్తం జీవాలెన్ని అన్నది ప్రశ్న అనుకోండి. మొదటి వాక్యం: గొర్రెలు మేకలకు రెట్టింపు. రెండో వాక్యం: గొర్రెలు మేకల కన్నా 15 ఎక్కువ. ఏ ఒక్కటీ చాలదు. రెండూ కలిపితే చాలు. అంతే, ఆ ఆప్షన్ పెట్టి వెళ్లిపోవాలి. మేకలు 15, గొర్రెలు 30, మొత్తం 45 అని కట్టి ఆనందపడితే ఆ ఆనందానికి మార్కులు లేవు!

ఇప్పుడు రెండో వాక్యం మార్చి చూడండి: మందలో మూడో వంతు మేకలు. రెండు వాక్యాలున్నాయి కదా, రెండూ కలిపితే చాలుతాయి అనిపిస్తుంది. చాలవు. గొర్రెలు రెట్టింపు అన్నా, మేకలు మూడో వంతు అన్నా ఒకటే మాట. ఒకే మాట రెండుసార్లు చెబితే రెండు సాక్ష్యాలు కావు. పంచాయతీలో పెద్దమనుషులకు తెలిసిన సంగతే ఇది.

ఇంకో వల 'అవునా, కాదా' ప్రశ్నల్లో ఉంటుంది. ఆ సంఖ్య సరి సంఖ్యేనా? అది 2 కన్నా పెద్దదైన ప్రధాన సంఖ్య అని ఇచ్చారు. అలాంటి సంఖ్య సరి సంఖ్య కాలేదు. జవాబు 'కాదు' అని వచ్చింది కాబట్టి సమాచారం చాలదని పొరపడతారు. నిశ్చయంగా 'కాదు' అని చెప్పగలిగినా సమాచారం చాలినట్లే. అవునో కాదో తేలనప్పుడే చాలనట్లు.

గట్టి ఆధారం నుంచి మొదలు

కోడింగ్, శ్రేణులు, కూర్చునే వరసలు... వీటికి సూత్రాలుండవు, అలవాటే సూత్రం. శ్రేణి కనిపించగానే తేడాలు రాయాలి. 2, 6, 12, 20, 30 తర్వాత ఏమిటి? తేడాలు 4, 6, 8, 10. తర్వాతి తేడా 12, కాబట్టి జవాబు 42. ఇంగ్లిషు అక్షరాల కోడింగ్‌కు ఈ, జే, ఓ, టీ, వై అనే ఐదింటిని గుర్తుంచుకుంటే చాలు. వాటి స్థానాలు వరసగా 5, 10, 15, 20, 25. మొదట్లోని ఏ, బీ తప్ప మిగతా ఏ అక్షరమైనా వీటికి రెండడుగుల దూరంలోనే దొరుకుతుంది. చిట్టచివరి జెడ్ అయితే వై పక్కనే.

వరస ప్రశ్నలకు ఒక చిన్న ఉదాహరణ. బజారులో ఎడమ నుంచి కుడికి ఐదు కొట్లు. మందుల షాపు సరిగ్గా మధ్యలో. టీ కొట్టుకు కుడిపక్కనే బట్టల కొట్టు. కిరాణా కొట్టు చివర్లలో లేదు. టీ కొట్టు ఒక చివర ఉంది. ఐదోది స్టీలు సామాన్ల కొట్టు. ఎక్కడ మొదలుపెట్టాలి? కదలని ఆధారం దగ్గర. మూడో స్థానంలో మందుల షాపును పాతేయాలి. టీ, బట్టలు జంట కాబట్టి వాటికి 1-2 గానీ 4-5 గానీ మిగులుతాయి. టీ కొట్టు చివర ఉండాలంటే 1-2 ఖాయం. కిరాణా చివర్లో లేదు, కాబట్టి నాలుగోది. ఐదోది స్టీలు కొట్టు. 'లేదు, కాదు' అనే షరతులను చివరికి ఉంచుకుంటే చిక్కుముడి దానంతటదే విడిపోతుంది.

కొబ్బరికాయ పద్ధతి ఎప్పుడు?

బోరు పాయింటు చూడటానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడిచేవాళ్లను అనంతపురంలో చూడనివాళ్లు తక్కువ. కాయ లేచి నిలబడితే కింద నీళ్లున్నట్లు! చేలో ఆ నమ్మకం తప్పితే లక్షలు పోతాయి. ఐసెట్‌లో మాత్రం ఊహ తప్పితే పోయేది ఏమీ లేదు. తెలియని 30 ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెట్టినా సగటున ఏడెనిమిది మార్కులు రావచ్చు. ఖాళీగా వదిలితే వచ్చేది సున్నా. కాబట్టి ఐసెట్‌లో ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

క్యాట్ సంగతి వేరు. 2015లో మొదలైన విశాఖపట్నం ఐఐఎంతో పాటు దేశంలోని ఐఐఎంలలో ఎంబీఏ చదవాలంటే రాయాల్సిన పరీక్ష అది. 2024 క్యాట్‌లో 68 ప్రశ్నలు, 120 నిమిషాలు. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక విభాగం సమయాన్ని ఇంకోదానికి వాడుకునే వీల్లేదు. ఆప్షన్లున్న ప్రశ్నకు సరైన జవాబు పెడితే 3 మార్కులు వస్తాయి, తప్పయితే 1 మార్కు పోతుంది. ఇక్కడ లెక్క చూడండి. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. మూడు వచ్చి మూడు పోయాయి. ఫలితం సున్నా. అదే ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే మూడు ప్రశ్నలకు ఒకటి ఒప్పు, రెండు తప్పు. ఒక మార్కు మిగులు. రెండు ఆప్షన్లు కొట్టేస్తే రెండు ప్రశ్నలకు 3 వచ్చి 1 పోతుంది. రెండు మార్కులు మిగులు. అంటే ఏ కొంచెమైనా తెలిసినప్పుడే చేయి పెట్టాలి. జవాబు మనమే టైపు చేయాల్సిన ప్రశ్నలూ క్యాట్‌లో ఉంటాయి. వాటికి నెగెటివ్ మార్కులు లేవు.

ఒక పరీక్షకు నేర్చిన మొండితనం ఇంకో పరీక్షకు పనికిరాదు. ముందు ఆ పరీక్ష నిబంధనలు చదవాలి, తర్వాతే వ్యూహం.

తప్పుల పుస్తకం

మాక్ టెస్టులు రాయడం అందరూ చేసేదే. రాసిన తర్వాత ఏం చేస్తారన్నదే తేడా. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయాలి. అసలు తెలియక తప్పినవి, తెలిసీ కూడికల్లో జారినవి, సరిగ్గానే చేసినా ఎక్కువ సమయం తిన్నవి. మొదటి గడికి మందు పాఠం. రెండో గడికి మందు ఎక్కాలు. మూడో గడికి మందు వదలడం. ఏ జబ్బో తెలియకుండా మందు మింగితే తగ్గదు కదా!

ఇందులో ఇంటిల్లిపాదికీ పని ఉంది. ఇరవై వరకు ఎక్కాలు, ముప్పై వరకు వర్గాలు రోజూ అడగడానికి తాతయ్య చాలు. పెద్దబాలశిక్ష చూసి పెరిగిన తరానికి నోటిలెక్క అంటే ముచ్చట కూడా. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. బేడ ఎనిమిదో వంతు. పావలా నాలుగో వంతు. అదే శాతాల్లో చెప్పుకుంటే 6.25, 12.5, 25. పరీక్షలో తరచూ ఎదురయ్యేవి ఇవే. మనవరాలు కంప్యూటర్‌లో నేర్చుకుంటున్నది తాతయ్య సంతలో నేర్చుకున్నదే.

తెలుగులో లెక్కకూ ఇల్లు ఉంది. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ఎప్పుడో వందల ఏళ్ల కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను సొంత భాషలో చెప్పుకుంటే భయం తగ్గుతుందని ఆనాడే తెలిసినట్లుంది. ప్రశ్న ఏ భాషలో ఉన్నా, 'ఇక్కడ ఏమిచ్చారు, ఏమడిగారు?' అని తెలుగులో ఒకసారి మనసులో అనుకోవడం మంచి అలవాటు. హంగరీలో పుట్టిన గణిత శాస్త్రజ్ఞుడు జార్జి పోల్యా 1945లో లెక్కలు సాధించడం మీద రాసిన పుస్తకంలోనూ మొదటి మెట్టు ఇదే. ప్రశ్నను అర్థం చేసుకోవడం. ఆ తర్వాతే దారి వెతకడం, నడవడం, వెనక్కి తిరిగి సరిచూసుకోవడం.

అమ్మానాన్నలకు ఒక్క మాట. మాక్ టెస్టు రోజు 'ఎన్ని వచ్చాయి?' అని అడగడం సహజమే. దానికి ముందు 'ఎన్ని వదిలేశావు?' అని అడిగి చూడండి. వదలడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని పిల్లలకు అర్థమవుతుంది.

మళ్లీ ఆ చేలోకి...

ఆ అమ్మాయి పరీక్ష రాసింది. మొదటి విడతలో వదిలేసినవి ముప్పై ఎనిమిది. చివరికి ఖాళీగా ఉంచింది ఒక్కటీ లేదు.

వారం తర్వాత పక్క చేలోకి రిగ్గు బండి వచ్చింది. సాయంత్రం నాయన గట్టు మీద కూర్చుని పాత గుంత వైపే చూస్తున్నాడు.

'ఏం పాపా... ఆర్నూర్ల అడుగులు పోయినాం. ఇంగో నూరు పోతే పడతాయేమో. ఇంత పెట్టినాక వదిలేస్తే ఎట్ల?'

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. పక్కన కూర్చుంది.

'నాయనా, ఆర్నూర్ల అడుగులకు పెట్టింది ఎట్లా రాదు. పోయినా రాదు, ఆగినా రాదు. దాన్ని లెక్కలోకి తేవద్దు. ఈరోజు కొత్తగా వందడుగులకు అప్పు చేసి ఈ గుంతలోనే పోస్తావా అని ఎవరైనా అడిగితే ఏమంటావు? అది చెప్పు.'

మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీన్ని 'సంక్ కాస్ట్' అంటారు. మునిగిపోయిన ఖర్చు. ఇక ముందు ఏం చేయాలో తేల్చుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలని చెబుతారు. ఎంబీఏలో చేరకముందే ఆ అమ్మాయికి ఈ పాఠం వచ్చేసింది. కాకపోతే ఆ పాఠానికి ఫీజు కట్టింది వాళ్ల నాయన.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, ఒక బండరాయి దొర్లించుకొచ్చి గుంత మూతి మీద పెట్టాడు. పిల్లలు తిరిగే చోటు కదా!

'పద పాపా, పొద్దుపోయింది' అన్నాడు.